తాబేలు పాట మీద చెవిపోటు అభిప్రాయం

తాబేలు అంటే మా అక్క. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. చివరిదాకా దాచి, ఆఖర్న తెర తీసి, మీ చేత ముక్కు మీద వేలేయించే ఓపిక నాకు లేదు. ఓపిక అనే వస్తువు నా దగ్గర పుట్టుకతోనే తక్కువ. ఉన్న కాస్తా ఈ గుంపులో చేరాక ఆవిరైపోయింది. కాకపోతే తాబేలు మా అక్కేనని అప్పట్లో గుంపులో ఎవరికీ తెలియదు. నాకూ తెలియదు. మా బావకి తెలుసు గానీ ఆయన నోరు విప్పలేదు.

గుంపు సంగతి చెప్పాలి. మా చిన్నప్పుడు టీవీకి తగిలించుకుని ఆడే ఒక ఆటపెట్టె ఉండేది. అందులో ఒక ఆట. పొగమంచు కమ్మిన ఏట్లో ఒక ముసలామె పడవ నడుపుతూ, దారి తప్పినవాళ్ళని ఎక్కించుకుని అవతలి ఒడ్డుకి చేర్చాలి. ఆ పెట్టెకి బీప్ బీప్ అనడం తప్ప ఇంకో విద్య రాదు. ఆ బీపుల్లోనే ఎవరో మహానుభావుడు ఒక పాట కట్టాడు. ఆఖరి మజిలీలో వస్తుంది. మేమందరం దాన్ని ఏరు దాటే పాట అంటాం. చిన్నప్పుడు ఆ ఆట ఆడినవాళ్ళు పెద్దవాళ్ళయి, ఉద్యోగాలూ బట్టతలలూ తెచ్చుకుని, ఇంటర్నెట్‌లో ఒకచోట చేరి, ఆ బీపుల పాటల్ని ఇప్పుడు వయొలిన్లతో, ఫ్లూట్లతో, కోరస్‌తో మళ్ళీ కడుతుంటారు. నిజానికి వాళ్ళలో ఎవరి దగ్గరా వయొలిన్ ఉండదు. అన్నీ శాంపిళ్ళే. శాంపిల్ అంటే నిజం వాయిద్యాన్నో, నిజం గొంతునో ఒక్కో స్వరం విడివిడిగా రికార్డు చేసి పెట్టిన ముక్క. కంప్యూటర్‌కి తగిలించిన కీబోర్డు మీద మీట నొక్కితే ఆ ముక్క పలుకుతుంది. ముక్కలన్నీ వరసగా అతికిస్తే పాట. అలా అని వాళ్ళు అనుకుంటారు.

ఈసారి బాగున్న పాటల్ని ఏరి ఒక ఆల్బంగా పెట్టాలని గుంపు తీర్మానించింది. ఏరడానికి ముగ్గురం. ఇద్దరు 'సరే' అంటే పాట లోపలికి వెళ్తుంది. ఒకాయన లెక్కల మాస్టారు. తాళం వెంట్రుకవాసి తప్పినా పట్టేస్తాడు, మిగతా ప్రపంచం మునిగిపోయినా ఆయనకి పట్టదు. రెండో ఆయన్ని అందరూ శాంతమూర్తి అంటారు. కుక్కర్ విజిల్ పంపినా 'అద్భుతం, కొనసాగించండి' అంటాడు. మూడోది నేను, చెవిపోటు. ఆ పేరు నేను పెట్టుకున్నది కాదు. నా అభిప్రాయం చదివి తనకి చెవిపోటు వచ్చిందని ఒక కుర్రాడు వాపోయాడు. అంతే, అదే ఖాయమైపోయింది.

నన్ను తిట్టుకునేవాళ్ళు ఒక్కసారి నా కుర్చీలో కూర్చుని చూడాలి. పగలంతా నా పని రికార్డింగు గదిలో. లిఫ్టుల్లో 'తలుపులు మూసుకుంటున్నాయి' అని చెప్పే గొంతులు ఉంటాయి చూశారా, వాటిని శుభ్రం చేసేదాన్ని నేనే. సాయంత్రం ఇంటికొచ్చి, కాళ్ళు చాపుకుని, హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే ఈ పాటలు. వయొలిన్లు ప్రతి స్వరాన్నీ ఒకేలా మొదలుపెడతాయి, టక టక టకమని, ఎవరో కోపంగా టైపు కొడుతున్నట్టు. 'ఒకే ముక్కని ఇన్నిసార్లు వాడకండి బాబూ, మనిషి చెయ్యి ప్రతిసారీ ఒకేలా పడదు' అని రాస్తాను. 'థాంక్యూ, చాలా ఉపయోగపడింది' అని జవాబు వస్తుంది. మర్నాడు కొత్త వెర్షన్ వస్తుంది. అవే వయొలిన్లు, కాస్త గట్టిగా. ఒకడి ఫ్లూట్ మొదలైంది మొదలు ఆగదు. 'మీ ఫ్లూట్ ఆయన ఈపాటికి పోయి ఉంటాడు, వాళ్ళింటికి కబురు పెట్టండి' అని రాశాను. నవ్వు బొమ్మ పెట్టాడు తప్ప ఫ్లూట్‌కి ఊపిరి పెట్టలేదు. ఇంకొకడు అన్నిటికీ ప్రతిధ్వని తగిలించి, పాటని బావిలోకి తోసి, పైనుంచి వినమంటాడు. ఫైళ్ళ పేర్లు చూస్తేనే ఒళ్ళు మండుతుంది. ఫైనల్, కొత్త ఫైనల్, అసలు ఫైనల్, ఇదే ఫైనల్. గోడకి చెప్పుకున్నా ఇంతకంటే నయం. గోడ థాంక్యూ అనదు.

మరి ఎందుకు వింటున్నావమ్మా, మానేయొచ్చుగా అంటారు. మానలేకపోవడానికి కారణం ఉంది. ఆ పాటల్లో సగానికి సగం వినిపించే కోరస్ గొంతు మా అక్కది.

మా అక్క పాటలు పాడేది, పాఠాలు చెప్పేది. ఒకప్పుడు ఏదో చిన్న కంపెనీ వాళ్ళు శాంపిళ్ళ కోసం మంచి గొంతు కావాలని వెతుక్కుంటూ వస్తే నేనే అక్కని కూర్చోబెట్టాను. మేడ మీద నా గదిలో గోడలకి దుప్పట్లు వేలాడదీసి, చప్పుడు రాకుండా ఫ్రిజ్ తీగ పీకేసి, ఒక్కో స్వరం, ఒక్కో అక్షరం, చిన్నగా, పెద్దగా, అన్ని రకాలుగా పాడించాను. 'ఆ' పాడింది, 'ఊ' పాడింది, నోరు మూసుకుని 'మ్' పాడింది. ఫ్రిజ్ మళ్ళీ పెట్టడం మరిచిపోయి పాలు విరిగిపోతే బావ గొణిగాడు. ఆ కంపెనీ తర్వాత ఎటు పోయిందో పోయింది, ముక్కలు మాత్రం ఊరికే దొరికే సరుకై లోకం మీద పడ్డాయి. ఇప్పుడు ఎవడు రాక్షసుడితో యుద్ధం పెట్టినా వెనక మా అక్క 'ఆ' అంటుంది. ఎవడు కోట కూల్చినా మా అక్క 'ఊ' అంటుంది.

నవ్వుకునేవాళ్ళం మొదట్లో. తర్వాత అక్క గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ చేశారు. ప్రాణానికి ఢోకా లేదన్నారు, అది నిజమే. కానీ గొంతు పోయింది. మాట్లాడుతుంది, గుసగుసకి కాస్త ఎక్కువ, మాటకి కాస్త తక్కువ. పాట అన్నది లేదు. అప్పట్నుంచి ఆ ముక్కల్ని ఎవడైనా అడ్డదిడ్డంగా వాడితే నాకు వాడి పీక పట్టుకోవాలనిపిస్తుంది. అది న్యాయం కాదని తెలుసు. అయినా అనిపిస్తుంది.

ఇదీ వరస. ఇక తాబేలు.

తాబేలు అన్న పేరుతో ఏరు దాటే పాట వచ్చినప్పుడు మొదటిసారి విని లేచి నిలబడ్డాను, కోపంతో. వయొలిన్లు లేవు, డప్పులు లేవు. ఉన్నదంతా అక్క గొంతే. కింద 'మ్' పడవలాగా మెల్లిగా కదులుతుంటుంది, పైన 'ఊ'. అంతవరకు పరవాలేదు, ఇంకా చెప్పాలంటే బాగుంది. పడవ ఏటి మధ్యకి వచ్చేసరికి ఒక 'ఆ' మొదలవుతుంది చూడండి, అది ఆగదు. అవతలి ఒడ్డు దాకా ఆగదు. ముక్కకి ముక్క కలిపి, అతుకు కనబడకుండా లాగి లాగి వదిలారు. వింటున్నకొద్దీ నా ఛాతీ బిగుసుకుపోయింది.

'గాయనికి ఊపిరితిత్తులు ఉంటాయన్న సంగతి తమరికి ఎవరైనా చెప్పారా?' అని రాశాను. 'ఊపిరాడక చస్తున్నాను, ఎవరైనా కిటికీ తెరవండి. ఈ గొంతు ఎలాంటిదో, ఈవిడ పాట ఎక్కడ ఆపి ఎక్కడ అందుకుంటుందో మీకు బొత్తిగా తెలియదు. తెలియనప్పుడు ముట్టుకోకండి.'

తాబేలు థాంక్యూ అనలేదు. 'ఆలోచిస్తాను' అని ఒక్క మాట పెట్టి, మూడు వారాలకో నెలకో ఇంకో వెర్షన్ పంపేది. అడుగున 'మ్' మెరుగయ్యేది, 'ఊ'ల మొదళ్ళు మారేవి, నేను చెప్పిన ప్రతి చిన్న తప్పూ సరి అయ్యేది. ఆ 'ఆ' మాత్రం అలాగే ఉండేది.

ఆ గోలంతా నేను భోజనాల దగ్గర వెళ్ళగక్కేదాన్ని. నేను ఉండేది మేడ మీదే అయినా తిండి అక్కావాళ్ళతోనే.

"వాడికి చెవులు లేవక్కా," అనేదాన్ని. "మొండిఘటం. చెప్పినవన్నీ చేస్తాడు, అసలైనది వదిలేస్తాడు."

"అంత ఘోరంగా ఉందా?" అనేది అక్క తన చిన్న గొంతుతో, కంచంలోకి చూస్తూ.

"ఘోరమా! పడవ అవతలి ఒడ్డుకి చేరేసరికి అందరూ శవాలే."

బావకి పొలమారేది. నీళ్ళ గ్లాసు అందించేదాన్ని. ఆయనకి కారం పడదు కాబోలు అనుకున్నాను. అక్క బావ పాత లాప్‌టాప్ ముందేసుకుని, హెడ్‌ఫోన్లు పెట్టుకుని గంటలు గంటలు కూర్చునేది. సీరియళ్ళు చూస్తోంది పాపం, కాలక్షేపం అవుతోంది అనుకున్నాను. పగలంతా చెవులతో బతికే మనిషిని, ఇంట్లో జరిగేది మాత్రం వినిపించలేదు.

గుట్టు రట్టు చేసింది ఒక అక్షరం. ఆ మధ్య వచ్చిన వెర్షన్లో, పాట ముగింపు దగ్గర, గొంతు 'ఈ' అంది.

నేను వెనక్కి జరిపి మళ్ళీ విన్నాను. సందేహం లేదు, 'ఈ'. లోకంలో తిరుగుతున్న ముక్కల్లో 'ఆ' ఉంది, 'ఊ' ఉంది, 'మ్' ఉంది. 'ఈ' లేదు. అక్క 'ఈ' కూడా పాడింది గానీ కంపెనీ వాళ్ళు అక్కర్లేదన్నారు. అది ఇంట్లో ఉన్న డిస్కులో, నా కంప్యూటర్లో తప్ప ఈ భూమ్మీద ఇంకెక్కడా లేదు.

దొంగ! ఎవడో నా కంప్యూటర్లో దూరాడు! ఆ సాయంత్రం నేను చేసిన హడావుడి తలుచుకుంటే ఇప్పటికీ తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. పాస్‌వర్డులన్నీ మార్చాను. వైఫై పీకేశాను. కిందికి పరిగెత్తుకెళ్ళి, అక్క స్నానానికి వెళ్ళిందని చూసి, బావని నిలదీశాను.

"మీరు దేనిమీదైనా నొక్కారా బావా? ఏ లాటరీ వచ్చిందనో ఎవడో లింకు పంపిస్తే నొక్కి ఉంటారు. మా అక్క గొంతు, డిస్కులో ఉన్నదంతా ఎత్తుకుపోయారు!"

బావ పేపరు మడిచాడు. కళ్ళజోడు తీశాడు. స్నానాలగది వైపు ఒకసారి చూశాడు.

"ఆ డిస్కు ఎవరి బీరువాలో ఉంటుందమ్మా?"

"అక్క బీరువాలో."

"మరి?"

"మరేంటి?"

"నేనేం చెప్పలేదు," అన్నాడు బావ. "నేను ఒక్క మాట కూడా చెప్పలేదని గుర్తుపెట్టుకో."

మెట్ల మీద కూర్చుండిపోయాను. వాడికి చెవులు లేవక్కా. తెలియనప్పుడు ముట్టుకోకండి. ఈ గొంతు ఎలాంటిదో మీకు బొత్తిగా తెలియదు. నేను అన్న మాటలన్నీ ఒక్కొక్కటే వచ్చి చెంప మీద కొట్టి వెళ్ళాయి. పాడలేకపోతున్న మనిషి, తన గొంతునే ముక్కలుముక్కలుగా ఏరుకుని మళ్ళీ పాడుకుంటుంటే, నేను పక్కన కూర్చుని, ఆమె వడ్డించిన కూర తింటూ ఆమెని ఆడిపోసుకున్నాను. చెప్పలేనంత సిగ్గేసింది.

సిగ్గులో మనిషి చేసే పనులు ఎప్పుడూ తిన్నగా ఉండవు. కొద్దిరోజులకి తాబేలు ఇంకో వెర్షన్ పంపగానే నేను సగం విని, కళ్ళు తుడుచుకుని, గబగబా రాసేశాను: 'గుండెను తాకే ప్రయోగం. ఆ సుదీర్ఘమైన స్వరంలో ఒక లోతు ఉంది. నా వైపు నుంచి సరే.' మాస్టారు అప్పటికే వద్దన్నాడు, ఆ 'ఆ' తాళాన్ని మింగేస్తోందని. శాంతమూర్తి మామూలుగానే అద్భుతం అన్నాడు. నాదీ సరే కాబట్టి ఇద్దరయ్యాం. తాబేలు పాట ఆల్బంలోకి వెళ్ళిపోయింది. మంచిపని చేశానని తృప్తిగా టీ పెట్టుకున్నాను.

టీ తాగడం పూర్తి కాలేదు. అక్క మెట్లెక్కి వచ్చింది, చేతిలో ఫోను పట్టుకుని.

"ఏమిటిది?"

"ఏమిటి?"

"గుండెను తాకే ప్రయోగం," అని చదివింది. ఆ బొంగురు గుసగుసలో నా వాక్యం ఎంత సిగ్గుమాలినదిగా వినబడిందో చెప్పలేను. "లోతు ఉంది. ఎక్కడుందే లోతు?"

"బాగుంది కాబట్టి బాగుందన్నానక్కా."

"మొన్నటిదాకా ఊపిరాడక చచ్చావుగా? నేను ఒక్క స్వరం మార్చలేదు. పాత ఫైలుకే పేరు మార్చి పంపాను. వారంరోజులుగా నువ్వు నాతో మాట్లాడే తీరు మారింది, కూర బాగుంది, చీర బాగుంది అంటున్నావు. అనుమానమొచ్చి చూద్దామని పంపాను. దొరికిపోయావు."

టీ గ్లాసు పక్కన పెట్టేశాను.

"ఎవరు చెప్పారు? మీ బావేనా?"

"లేదు. నువ్వే. నీ 'ఈ' చెప్పింది."

అక్క మంచం అంచున కూర్చుంది. కాసేపు గొంతు సవరించుకోవడానికే సరిపోయింది. తర్వాత ఆపి ఆపి చెప్పింది.

"ఆపరేషన్ అయిన దగ్గర్నుంచీ ఈ ఇంట్లో నేను మంచినీళ్ళు తాగినా శభాష్ అంటున్నారు. ఆయనైతే నేను మెట్లెక్కితే చప్పట్లు కొట్టేలా ఉంటాడు. పాఠానికి వచ్చిన పిల్లలు నా ముందు పాడటం మానేశారు, నాకు బాధ కలుగుతుందని. నువ్వు సరేసరి, నేనొస్తే రేడియో కట్టేస్తావు. నేను పాటగత్తెనన్న సంగతే మర్చిపోయారు అందరూ, జబ్బుమనిషినన్నదే గుర్తు. నన్ను తిట్టింది ఒక్క చెవిపోటే. రోజూ భోజనాల దగ్గర నువ్వలా నా పాటని చీల్చి చెండాడుతుంటే ఎంత హాయిగా ఉండేదో తెలుసా? ఒక్కళ్ళు... ఒక్కళ్ళు ఉన్నారు అనుకున్నాను, జాలిపడకుండా వినేవాళ్ళు. అదీ లేకుండా చేశావు."

నాకు ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది. రెండిట్లో నాకు బాగా అలవాటైంది కోపమే కాబట్టి అదే ముందు బయటపడింది.

"అయితే విను! బాగాలేదు! ఆ 'ఆ' ఏమిటక్కా, ఆ 'ఆ'? మనిషన్నవాళ్ళు ఎవరు పాడతారు అంతసేపు?"

"నేను పాడతాను."

"నీకెప్పుడైనా అంత ఊపిరి ఉండేదా?"

"లేదు. అందుకే." అక్క కళ్ళు మెరిశాయి. "పాడినంతకాలం నా పాటకి ఊపిరే అడ్డం. అసలైన చోటికి వచ్చేసరికి అయిపోయేది. సగంలో తెంపుకుని, గుటక వేసి, మళ్ళీ అందుకునేదాన్ని. ఎన్నిసార్లు ఏడ్చానో నీకు తెలియదు. ఇప్పుడు ఆ అడ్డం లేదు. గొంతు పోయి నాకు దక్కింది అదొక్కటే. అది కూడా వదిలేసుకోమంటావా?"

జవాబు లేనప్పుడు నేను గొంతు పెంచుతాను.

"నీకు ఊపిరి అక్కర్లేకపోవచ్చు! వినేవాళ్ళకి కావాలి! నువ్వు తీసుకోకపోతే వాళ్ళకి ఆడదు! పాట నీ ఒక్కదానిదే అయితే బీరువాలో పెట్టుకుని విను, మా మీదికి ఎందుకు పంపావు?"

"నీకు వినడం రాదు!"

"నీకు కట్టడం రాదు!"

బావ రొప్పుతూ మెట్లెక్కి వచ్చాడు. "అయ్యో, డాక్టరుగారు గొంతు వాడొద్దన్నారు, మీరిద్దరూ ఇలా..."

"మీరుండండి!" అన్నాం ఇద్దరం ఒకేసారి. ఆయన గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. అక్క అరిచి ఎన్నాళ్ళయిందో. అరుపంటే గాలి ఎక్కువ, చప్పుడు తక్కువ, కానీ అరుపే.

అక్క లేచి చీర సర్దుకుంది. "ఆ సరే వెనక్కి తీసుకో. నీకు నిజంగా ఏమనిపించిందో అది రాయి. రాయకపోతే నాతో మాట్లాడకు," అని చెప్పి దిగి వెళ్ళిపోయింది.

వెనక్కి తీసుకున్నాను. నలుగురిలో ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవడం ఎంత అవమానమో ఆరోజు తెలిసింది. 'పొరపాటున సగమే విని సరే అన్నాను. ఇప్పుడు మొత్తం విన్నాను. వద్దు' అని రాశాను. 'కింది గొంతులు చక్కగా ఉన్నాయి, ఈ గుంపులో ఎవరూ ఇంత బాగా కట్టలేదు. పై గొంతు మాత్రం ఊపిరి తీసుకోదు. మీకు అది స్వేచ్ఛ కావచ్చు. వినేవాళ్ళకి మాత్రం అది నీళ్ళలో తల ముంచి పట్టుకున్నట్టు ఉంటుంది. పడవ ఏరు దాటాలంటే తెడ్డు నీళ్ళలోంచి పైకి కూడా రావాలి.' గుంపంతా నా మీద విరుచుకుపడింది. శాంతమూర్తి మొదటిసారి శాంతం కోల్పోయి, ఒక మనిషి మనసుతో ఇలా ఆడుకోవచ్చా అని నిలదీశాడు. ఆయనకేం తెలుసు.

తాబేలు 'ఆలోచిస్తాను' అని కూడా అనలేదు. అక్క నాతో మాట్లాడటం మానేసింది. నిజం రాస్తే మాట్లాడతానంది కదా, రాశాను కదా, మరి ఇప్పుడీ మూతి ముడుపు ఏమిటి? కంచం ముందు పెట్టడం, ముఖం తిప్పుకోవడం. బావ ఇద్దరి మధ్యా నలిగిపోయాడు. "కూరలో ఉప్పు తగ్గిందని మీ అక్కతో చెప్పనా, వద్దా?" అని నా చెవిలో అడిగేవాడు. "చెప్పండి, ఆవిడకి అదే కావాలిట," అన్నాను. చెప్పాడు పాపం. అక్క ఉప్పు గిన్నె ఠక్కున ఆయన ముందు పెట్టింది. ఆయన ముఖం వెలిగిపోయింది. అలా విసుక్కుని ఎన్నాళ్ళయిందో.

ఆల్బం గడువు దగ్గరపడుతోంది. ఒకరోజు మధ్యాహ్నం నాకు సెలవు. అక్క పైకి వచ్చి, పలకరింపు లేకుండా, లాప్‌టాప్ నా ఒళ్ళో పెట్టింది.

"డిస్కంతా వెతికాను. ఒక్క ఊపిరి లేదు."

"ఉండదు," అన్నాను. "కంపెనీ వాళ్ళు శుభ్రంగా కావాలన్నారు. ప్రతి స్వరం ముందూ నువ్వు తీసుకున్న ఊపిరి కోసి తీసేశాను. శాంపిళ్ళు చేసేవాళ్ళందరూ అంతే చేస్తారు."

"అన్నీ?"

"అన్నీ."

అక్క తెర మీద ఆ పొడుగాటి 'ఆ' గీతని చూస్తూ నిలబడింది. "నువ్వన్నది నాలుగు రోజులు నమ్మలేదు," అంది. "నిన్న కళ్ళు మూసుకుని విన్నాను. నాకూ ఆడలేదు." ఆ మాట ఒప్పుకోవడానికి ఆవిడకి ఎంత కష్టమైందో ముఖం చూస్తే తెలుస్తోంది. "మధ్యలో రెండు చోట్ల తెంపాను. తెంపితే ఉత్త ఖాళీ వచ్చింది. చచ్చినట్టు ఉంది. నెట్‌లో ఊపిర్లు దొరుకుతాయట, వేరేవాళ్ళవి."

"వేరేవాళ్ళ ఊపిరి నీ గొంతుకి అతికించావంటే వినకుండానే వద్దంటాను."

"మరేం చెయ్యమంటావే?" అని విసుక్కుంది. విసుక్కుంటూనే ఆగిపోయింది. ఇద్దరికీ ఒకేసారి తట్టింది. మూలన గుడ్డ కప్పి ఉన్న మైకు వైపు నేను చూశాను. అక్కా చూసింది.

"పోయింది గొంతే కదా," అంది.

కిటికీలు మూశాను. దుప్పట్లు కట్టాను. బావని కింద కుర్చీలోంచి కదలొద్దని, కదిలితే కిర్రుమంటుందని బతిమాలాను. అక్క మైకు ముందు నిలబడింది. ఆపరేషన్ తర్వాత దాని ముందుకి రావడం అదే మొదటిసారి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఒక్క క్షణం తడబడింది.

"పాడబోతున్నట్టే తీసుకో," అన్నాను. "ఊరికే గాలి పీలిస్తే అతకదు. ఆ స్వరం మనసులో పెట్టుకుని, దానికి సరిపడా తీసుకో."

అక్క గడ్డం కొద్దిగా ఎత్తింది. కళ్ళు మూసుకుంది. నోరు తెరిచి, నిండుగా, లోపలికంటా ఊపిరి తీసుకుంది. నా హెడ్‌ఫోన్లలో ఆ గాలి గదంతా నిండింది. ఆ వెంటనే 'ఆ' రావాలి. నా ఒళ్ళంతా దానికోసం సిద్ధమైపోయింది. రాలేదు. అక్క నోరు తెరిచే ఉంది, ఏమీ రాలేదు. మెల్లిగా మూసుకుంది.

అక్క కళ్ళు తెరిచి నా ముఖంలోకి చూసింది. ఆ చూపు ఏం అడుగుతోందో నాకు బాగా తెలుసు. జాలి కనబడితే అక్కడికక్కడే మైకు వదిలి వెళ్ళిపోతుంది.

"బాగాలేదు," అన్నాను. "భుజాలు ఎగరేశావు. అంత పెద్దగా తీసుకుంటే కోట కూల్చే స్వరం వస్తుంది, పడవ స్వరం రాదు. మళ్ళీ."

మళ్ళీ తీసుకుంది.

"ముక్కుతో పీల్చావు. మళ్ళీ."

"నీ మొహం," అంది గుసగుసగా. మళ్ళీ తీసుకుంది. అలా తీసుకుంటూనే ఉంది, నేను వంక పెడుతూనే ఉన్నాను. విసుగుతో ఆమె చెంపలు ఎర్రబడ్డాయి. చివరికి ఒకటి వచ్చింది, చిన్నది, సరిగ్గా ఆ 'ఆ'కి సరిపోయేది. దాన్ని ఆ తెంపిన చోట పెట్టి వినిపించాను. ఇప్పటి ఊపిరి, వెంటనే ఆనాటి గొంతు. అక్క హెడ్‌ఫోన్లని రెండు చేతులతో చెవులకి అదుముకుని విన్నది. ఆ తర్వాత కనుబొమలు ముడిచింది.

"చివర్న గరగర ఉంది. ఆపరేషన్ తర్వాత వచ్చింది అది. పాత గొంతుకి లేదు. శుభ్రం చేసెయ్యి."

"దాన్ని ముట్టుకోను. నువ్వూ ముట్టుకోకు," అన్నాను. "అది తీసేసి పంపావంటే మళ్ళీ వద్దనే పెడతాను. రెండో చోటికి ఇంకోటి కావాలి, రా, నిలబడు."

అక్క నన్ను తిట్టుకుంటూ వెళ్ళి మైకు ముందు నిలబడింది.